దెయ్యం కరెంటు

“పదకొండో పేజీ, రెండో పేరా,” అన్నాడు రికార్డిస్టు, అద్దం అవతల మైక్ ముందు కూర్చున్న భార్యతో.

ఆవిడ తలూపింది. చదివింది. ఆపింది. అంతే. నాలుగు రోజులుగా ఆ మొగుడూ పెళ్ళాల మధ్య మాటలంటే ఈ పేజీ నంబర్లే.

తప్పు ఆయనదే. ఇంటికొచ్చిన చుట్టాలు ఆవిడ చదివిన ఆడియో పుస్తకాలను మెచ్చుకుంటుంటే, “గొంతుదేముంది, అంతా మైక్ మహిమ” అని నోరు జారాడు. ఆవిడ నవ్వుతూనే అందరికీ టీలిచ్చి, వాళ్ళు వెళ్ళాక నోటికి తాళం వేసుకుంది. తప్పనిసరైతే హాల్లో గోడ గడియారంతో చెప్పేది. “వంటయింది. తినేవాళ్ళు తినొచ్చు.” ఇవాళ పొద్దున చూస్తే ఆ గడియారం కూడా ఆగిపోయి ఉంది. ఈ కాపురానికి మధ్యవర్తిత్వం తన వల్ల కాదనుకుందేమో పాపం.

దానికి సెల్ వేసి నెల కాలేదని ఆయనకి కచ్చితంగా తెలుసు. సెల్ ఎందులో వేసినా, దాని మీద ఆ వస్తువు పేరు స్కెచ్ పెన్నుతో రాసి మరీ వేసే మనిషి. “నా మీద కూడా రాసుకోండి, ‘భార్య’ అని,” అంటూ ఆవిడ ఏడిపించేది. నాలుగు రోజుల కిందటి దాకా.

ఇప్పుడు మరో గొడవ. పెద్ద స్టూడియో ఒకటి ఆవిడని రమ్మంది, సాయంత్రం అయిదుకల్లా ఏ సంగతీ తేల్చి చెప్పమంది. ఆ ఫోన్ ఆవిడ హాల్లో నిలబడి గట్టిగానే మాట్లాడింది. అప్పట్నుంచీ ఆయనకి అదే ఆలోచన. ఆవిడ వెళ్ళిపోతే ఇంట్లో ఉన్న ఈ బుల్లి స్టూడియో మూగబోయినట్టే. కాళ్ళావేళ్ళా పడదామంటే ఏ మాటతో మొదలెట్టాలో తోచడం లేదు.

“అయిదు నిమిషాలు ఆపుదాం. ఫాంటమ్ తీసేస్తున్నా,” అన్నాడు.

ఫాంటమ్ అంటే ఆయన ముందున్న మిక్సర్ బోర్డు నుంచి కేబుల్లోంచే మైక్‌కి అందే కరెంటు. కంటికి కనబడదు గనక ఆవిడ దాన్ని దెయ్యం కరెంటు అంటుంది. అది లేకపోతే ఆ మైక్ ఉత్త ఇనపముక్క. ఆయన బటన్ నొక్కాడు, ఎర్ర లైటు ఆరింది. హెడ్‌ఫోన్స్ తీయబోతుంటే చెవిలో గొంతు వినబడింది.

“ఎంత మొండి మనిషో ఈయన.”

ఆయన చెయ్యి అలాగే ఆగిపోయింది. లైటు వంక చూశాడు. ఆరే ఉంది. అప్పుడు వెలిగింది బుర్రలో: పెన్సిల్ సెల్ వేసినా ఆ మైక్ పనిచేస్తుంది. పోయిన నెల బయట రికార్డింగుకి వేసిన సెల్ తీయడం మరిచిపోయి ఉంటాడు.

ఆవిడ పుస్తకంలోకి చూస్తూ గొణుక్కుంటోంది. “ఆ పెద్ద స్టూడియోకి పోవాలని నాకేమన్నా సరదానా? నీ గొంతు లేకపోతే నా మైక్ ఎందుకు అని ఒక్క మాట అంటే ఈయన సొమ్మేం పోయింది?”

తన మతిమరుపుకి మనసులోనే దణ్ణం పెట్టుకుని, ఆయన తలుపు తోసుకుని లోపలికెళ్ళాడు.

“ఇదిగో, తప్పు నాదే. ఆ రోజేదో వాగాను. నీ గొంతు లేకపోతే నా మైక్ ఎందుకు చెప్పు.”

ఆవిడ కళ్ళు పెద్దవి చేసి చూసింది. “ఈ మాట మీకెవరు నేర్పారు?”

“ఒకళ్ళు నేర్పేదేంటి, నా మనసులోంచే వచ్చింది.”

“అలాగా,” అని నవ్వింది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. అక్కడికక్కడే ఫోన్ తీసి పెద్ద స్టూడియోకి రానని చెప్పేసింది. “టీ పెడతాను. ఈలోగా ఆ గడియారం సంగతి చూడండి.”

సొరుగులో కొత్త సెల్ లేదు. మైక్‌లో ఒకటుంది కదా అనుకున్నాడు. పనిలో పనిగా, చాటుగా విన్నదానికి సాక్ష్యం కూడా ఉండదు. ఈల వేసుకుంటూ మైక్ మూత తిప్పి, సెల్ బయటికి లాగాడు.

దాని మీద ఆయన చేతిరాతే: ‘హాలు గడియారం’.