అబద్ధమాడిన సూది

"తాళం ఇటియ్యి" అన్నాడు ఐలేశం.

రాజేశ్ పికప్ దిగలేదు. స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. బండి వెనక గోనెపట్టా కింద రెండు గొర్రెపిల్లలు చచ్చి పడున్నాయి. సంతకు పోయే దారిలో డీజిల్ అయిపోయి బండి ఆగిపోతే, ఎండకు తాళలేక ప్రాణం విడిచాయి. ఎవరినో బతిమాలి ఒక సీసాడు డీజిల్ పోసుకుని, బండిని ఇప్పుడే ఇంటికి తెచ్చాడు రాజేశ్.

"నిన్న మాపటికి డీజిల్ మీటర్ సూది నిండ చూపించింది. నా కండ్లతోని చూసిన. తెల్లారితే సంతదాంక గూడ పోలే. గా డీజిల్ ఏడికి పోయింది?"

"నాకేమెరుక బావా? పొద్దుగాల గూడ సూది నిండనే ఉండె."

"సూది నిండ ఉంటే బండెట్ల ఆగుతది? దొంగోడా!"

అరుగుల మీద కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. ఐలేశం భార్య బీరమ్మ ఇంట్లోంచి పరుగున వచ్చింది.

"నా తమ్ముణ్ని దొంగంటవా? మన చేతుల పెరిగిన పోరడు వాడు. గది పాత బండి. ముంగట దాని మీటర్ మెకానిక్‌కు చూపించు. ఆనంక నోరు పారేసుకో."

ఐలేశం తాళం లాక్కున్నాడు. బామ్మర్దిని పక్కన కూర్చోబెట్టుకుని తనే కోస్గిలోని మెకానిక్ షెడ్డుకు నడిపాడు.

ఆ బండికి ఏ చిన్న రోగమొచ్చినా చూసేది మెకానిక్ పరమేషే. సంగతి విని, డాష్‌బోర్డు మీద వెలిగిన మీటర్ల వైపు కాసేపు చూశాడు.

"ఐలేశమన్నా, నీళ్ల సూది ఎర్ర గీత మీద ఉన్నది. తొవ్వల ఇంజన్ మరిగిందా?"

"లేదు. గది చాన దినాల సంది గట్లనే. పాత బండి గదా అని ఊకున్న."

పరమేష్ బానెట్ ఎత్తి రేడియేటర్ మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి తీయలేదు.

"గోరువెచ్చగ ఉన్నది. సూదేమో మరుగుతాందని చెప్తాంది."

తర్వాత ట్యాంకు మూత తీసి పొడుగాటి తీగ దింపాడు. పైకి లాగితే కొన మాత్రమే తడిసింది. డీజిల్ సూది మాత్రం సగం మీదే నిలబడి ఉంది.

"రెండు సూదులు ఒక్కపారే అబద్ధమాడుతున్నయంటే మీటర్లు ఖరాబు కాలేదన్నట్టు. రెంటికి కరెంటిచ్చే కాడనే ఏదో ఉన్నది."

డాష్‌బోర్డు మరలు విప్పి, లోపలికి చెయ్యి పోనిచ్చి, అగ్గిపెట్టెంత డబ్బాను చూపించాడు.

"బ్యాటరీ కరెంటును తగ్గించి మీటర్లకు ఇచ్చేది గిదే. దీని ఎర్తు వైరు వదులైంది. తగ్గియ్యకుంట ఉన్నదంత పంపుతాంది. గందుకే సూదులు పైకి ఎగబాకుతున్నయ్."

వైరు బిగించాడు. సూదులు రెండూ మెల్లగా కిందికి దిగాయి. నీళ్లది దాని జాగాకు వచ్చి ఆగింది. డీజిల్‌ది అడుగుకు పోయి పడుకుంది.

ఐలేశం వంగి సూది వైపు చూశాడు. "అంటే, నిన్న ట్యాంకు నిండ లేకుండెనా?"

"ఏడ నిండ? సూదిని నమ్మి నువ్వే తక్కువ పోయించుకుంటున్నవ్. పిలగాన్ని ఉత్తగనే బద్నాం చేసినవ్."

షెడ్డు బయట పాత టైరు మీద రాజేశ్ తల వంచుకుని కూర్చున్నాడు. ఐలేశం పోయి అతని ముందు నిలబడ్డాడు.

"తప్పైంది రాజేశ్."

"ఊరంత ఇన్నది బావా. ఇగ నేనాడ ఎట్ల తిరగాలె? నువ్వే నమ్మకపోతే ఇంకెవలు నమ్ముతరు?" టైరు మీంచి లేచాడు. "నేను రాను. ఏడనో కూలి చేసుకుంట. అక్కకు చెప్పు."

ఐలేశం కళ్లలో నీళ్లు తిరిగాయి. తన చేతులతో తినిపించిన పిల్లవాడికి తానే ద్రోహం చేశాననిపించింది. తాళం తీసి రాజేశ్ అరచేతిలో పెట్టి, రెండు చేతులతో ఆ పిడికిలి మూశాడు.

"నువ్వు రాకపోతే మీ అక్కకు నా ముఖం ఎట్ల చూపియ్యాలె? పో, డీజిల్ పోయించుకొని రా. కలిసే పోదాం. తప్పు నాదేనని ఊరందరి ముంగట నేనే చెప్త."

రాజేశ్ కళ్లు తుడుచుకుని బండెక్కాడు.

పికప్ మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఐలేశం చూస్తూనే నిలబడ్డాడు. పరమేష్ తెప్పించిన చాయ్ చేతిలోనే చల్లారిపోయింది.

"కన్నకొడుకైతే గా మాట అందునా, పరమేష్?"

"ఫికర్ చేయకన్నా. చిన్నోడు, మర్చిపోతడు" అంటూ పరమేష్ చేతులు కడుక్కోవడానికి షెడ్డు వెనక ఉన్న డ్రమ్ము దగ్గరికి పోయాడు.

స్టూలు మీద అతని ఫోన్ మోగింది.

"అన్నా, జర ఎత్తు" అని వెనకనుంచి కేకేశాడు పరమేష్. "సామాన్ల దుకాణపోడై ఉంటడు. నేనొస్తున్న అని చెప్పు."

ఐలేశం ఫోన్ చెవికి ఆనించాడు. హలో అనేలోపే అటువైపు నుంచి నవ్వు వినిపించింది.

"పరమేషన్నా, బావ మొత్తం నమ్మిండే! నువ్వు గా వైరు ముందుగాల్నే వదులు చేసి పెట్టుడు మస్తు పనికొచ్చింది. తాళం మళ్ల నా చేతికే వచ్చింది, రేపటి సంది డీజిల్ క్యాన్లు ఎప్పటి లెక్కనే నీ షెడ్డుల దింపుత!"