ముందు మా వీధి

"ముందు మా వీధి వైపు కట్టించండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను."

పెద్ద ఇంజనీరు తలెత్తలేదు. బల్ల మీద పరిచిన మ్యాపును మడిచి పక్కన పెట్టుకున్నాడు.

"మార్కెట్ వైపు మొదలెట్టాక మధ్యలో మారిస్తే ఎలాగయ్యా?"

"మార్కెట్లో ఎవరున్నారు సార్, ఎలుకలు తప్ప? మా వీధిలో నలభై కొంపలున్నాయి. నా పెళ్ళాం, ఇద్దరు పిల్లలు అక్కడే ఉన్నారు" అన్నాడు ఆపరేటర్.

రసాయనాల ఫ్యాక్టరీ పేలి అప్పటికి ఆరు రోజులు. దాని దాపుల్లో మనిషన్నవాడు పది నిమిషాలు నిలవలేడు. అందుకే విషం ఊరి మీదికి పాకకుండా ఫ్యాక్టరీ చుట్టూ గోడ కట్టే పని యంత్రాలకే వదిలేశారు. వాటిని నడిపే ఏఐకి ఆఫీసులో అందరూ పెట్టుకున్న పేరు మేస్త్రి. నిమిషనిమిషానికీ గాలిని కొలుచుకుని, గోడ ఎక్కడ లేవాలో అదే తేల్చుకుంటుంది. కెమెరాలు మొదటిరోజే ఆ ఆవిరికి కాలిపోయాయి. తెర మీద అంకెలు చూస్తూ, మేస్త్రికి దిమ్మెలూ కాంక్రీటూ తరిగిపోకుండా పంపడమే ఆపరేటర్ పని.

"బాగా ఆలోచించుకునే అడుగుతున్నావా?"

"ఇందులో ఆలోచించడానికేముంది సార్? రోడ్లన్నీ మూసేశారు, ఇళ్ళలోంచి కదలొద్దన్నారు. గాలి అటు తిరిగిందంటే మా వాళ్ళు పిట్టల్లా రాలిపోతారు."

"ముందు ఎటు పోవాలన్నదే మన చేతిలో ఉంది. గోడ ఎక్కడ లేపాలన్నది మేస్త్రి ఇష్టం. రేపు నన్ననొద్దు."

"మిమ్మల్నెందుకంటాను సార్? చచ్చి మీ కడుపున పుడతాను."

పెద్ద ఇంజనీరు మ్యాపు విప్పి ఇంకోసారి చూశాడు. మళ్ళీ మడిచి, మీట నొక్కాడు.

యంత్రాలు మార్కెట్ వదిలి ఆ వీధి వైపు మళ్ళాయి. ఆ మధ్యాహ్నం ఆపరేటర్ గుక్కెడు నీళ్ళు కూడా ముట్టలేదు. దిమ్మెల బండి ఒకటి దారిలో మొరాయిస్తే, దాన్ని నోటికొచ్చినట్టు తిట్టి, వెనకే ఇంకోదాన్ని తోలాడు. కాంక్రీటు చాలదనిపించి, రేపటికని ఉంచింది కూడా పంపేశాడు. మనుషులు కడితే ఆరు నెలలు పట్టే గోడ నాలుగు గంటల్లో లేచింది. తెర మీద 'పని పూర్తి' అని పడింది.

"అయిపోయింది సార్!" అని ఎగిరి గంతేశాడు.

పెద్ద ఇంజనీరు లేచి, అతని భుజం మీద చెయ్యి వేయబోయి, వేయకుండానే బయటికి వెళ్ళిపోయాడు.

ఆపరేటర్ భార్యకు ఫోన్ చేశాడు.

"గోడ చూశావా?"

"చూడకేం! రెండు మేడలంత ఎత్తుందండీ. వీధి వీధంతా కిటికీలకి ముక్కులానించి చూస్తోంది. నాన్న పంపించాడని చిన్నది ఒకటే చప్పట్లు."

"అవును, నేనే పంపించానని చెప్పు. ముందు మన వీధికేనని చెప్పు."

"పక్కింటి పిన్నిగారికీ చెప్పాను. మిమ్మల్ని నూరేళ్ళు చల్లగా బతకమన్నారు. అన్నట్టు, కిటికీ సందుల్లో కుక్కిన తడిబట్టలు తీసేయనా? ఉక్కకి పిల్లలు వేగిపోతున్నారు."

"తీసేయ్ తీసేయ్. ఇంకేం భయం? ఆ పాడు ఫ్యాక్టరీ గొట్టం మొహం ఇక చూడక్కర్లేదు."

"అయ్యో, అది ఎదురుగానే ఉందిగా!" అంది భార్య. "మీ ఆఫీసు మేడే గోడ చాటున పడిపోయింది."