లకుముకి మీద పంచాయితీ

చెరువులో బాతులకు లకుముకి పిట్టంటే గిట్టేది కాదు. పైనుంచి దూకి చేపల్ని పట్టే ఆ వేటగత్తెను వెళ్లగొట్టాలని ఒకరోజు అన్నీ ఒడ్డున చేరాయి. గట్టు బొరియలో లకుముకి పిల్లలేమో ఆకలికి ఒకటే అరుపు.

“ప్రాణాలు తీసేవాళ్లకు ఇక్కడ చోటు లేదు!” అంది పెద్ద బాతు. అంటూనే పక్కన పాకుతున్న నత్తను గుటుక్కున మింగింది.

“అత్తా, ఇప్పుడు నువ్వు మింగిందేమిటి?” అని గట్టు మీది కొమ్మ మీంచి లకుముకి అడిగింది.

“అదా? నత్తే కదా! నేనేమైనా పైనుంచి దూకానా? అదే నా నోటి దగ్గరికొచ్చింది!”

మిగతా బాతులన్నీ పకపకా నవ్వాయి. పెద్ద బాతు కాసేపు బిక్కమొహం వేసి, చివరికి తనూ నవ్వేసింది.

“సరేలేవే, పిల్లలు ఏడుస్తున్నారు. ఆ తుంగ పక్కకి వెళ్లు, చేపలు బోలెడున్నాయి. పొద్దున నేనూ అక్కడే తిన్నాను!”