లోపలి అతుకు

"గా బంక దీస్కోకు తమ్మీ."

డబ్బా అందుకోబోతున్న కుర్మయ్య వెనక్కి తిరిగాడు. మేడ్చల్‌లో బాలనర్సయ్య హార్డ్‌వేర్ దుకాణం అది. గుమ్మంలో మాసిన తెల్లచొక్కా మనిషి. యాభై దాటి ఉంటాయి.

"నిన్నెవరడిగిన్రు?"

"నీళ్ల ట్యాంకర్ చిల్లును లోపలికెళ్లి అతికిస్త అంటున్నవు. అది రబ్బరు బంక. మూసిన ట్యాంకుల దాని ఘాటుకు ఊపిరాడదు. గీ లప్పం దీస్కో. రెండు ముద్దలు కలిపి పిసికి, బయటి నుంచే మెత్తొచ్చు."

"ఎప్పటికి ఆరుతది?"

"రేపటికి గట్టిపడ్తది."

కుర్మయ్యకు ఒళ్లు మండింది. సాయంత్రంలోగా కండ్లకోయ కాలేజీ హాస్టలుకు నీళ్లు చేరకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. వెల్డింగ్ చేయిద్దామంటే పొద్దటి నుంచీ కరెంటు లేదు.

"వాసనకు మనుషులు సస్తరా?"

ఆ మనిషి ఏదో చెప్పబోయాడు. మధ్యలోనే ఆపి దుకాణదారు వైపు తిరిగాడు.

"గాయనకు బంక ఇయ్యకు బాలనర్సయ్యా" అన్నాడు.

బాలనర్సయ్య నవ్వాడు. "కుర్మయ్యా, గీయన పరంజ్యోతి. శామీర్‌పేటల గీయనకు గూడ ట్యాంకర్ ఉన్నది."

"గట్లనా. నా బండి ఆగితే హాస్టల్ పని నీకొస్తదనా?"

కుర్మయ్య అతని చొక్కా పట్టి గుంజాడు. గుండీలు తెగి కింద పడ్డాయి. పరంజ్యోతి చెయ్యెత్తలేదు.

కుర్మయ్య బంక తీసుకుని గౌడవెల్లిలో ఇంటికి చేరాడో లేదో, వెనకే ఆటో ఆగింది. దిగింది పరంజ్యోతే.

"ఎవరాయన?" అంది కుర్మయ్య భార్య దుర్గాబాయి.

"మన పొట్ట కొట్టనీకి వచ్చిండు. గేటు పెట్టు."

గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు పరంజ్యోతి. "అమ్మా, నా మాట ఇనకుంటే ఇనకుండ్రి. ఆయన నడుముకు తాడన్న గట్టి దించుండ్రి."

దుర్గాబాయి గిన్నెలు కడిగిన నీళ్లు తెచ్చి అతని ముఖాన కొట్టింది. "పోతవా, సీపురు దేవాల్నా?"

అతను ముఖం తుడుచుకున్నాడు గానీ కదల్లేదు.

కుర్మయ్య వాకిట్లో ఉన్న ట్యాంకర్ మీదికెక్కి, మూత తీసి లోపలికి దిగాడు.

బంక పూసి పాత టైరు ట్యూబు ముక్కను చిల్లు మీద అదిమాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి. ఇంకొంచెమే అనుకున్నాడు. ఎందుకో నవ్వొచ్చింది. తర్వాత కాళ్లు తనవి కానట్టు తేలిపోయాయి.

కళ్లు తెరిచేసరికి వాకిట్లో పడి ఉన్నాడు. నడుముకు తాడు ఉంది. పక్కన దుర్గాబాయి ఏడుస్తోంది. ఇరుగుపొరుగు వాళ్లు ట్యాంకులోంచి మరో మనిషిని పైకి లాగుతున్నారు.

"ఎంత పిల్షినా పలుకకపోతివి. ఆయన గేటు దుంకి లోపలికి దిగిండు. నీకు తాడు గట్టిండు. నిన్ను గుంజేలోపట ఆయన పడిపోయిండు" అంది దుర్గాబాయి.

ఆసుపత్రిలో డాక్టరు నాడి చూసి, పరంజ్యోతి ముఖం మీదికి దుప్పటి లాగాడు.

సాయంత్రం అతని భార్య మార్తమ్మ వచ్చింది. ఏడవలేదు. గుండీల్లేని చొక్కాను భర్త రొమ్ము మీద దగ్గరికి లాగి సర్దుతూ కూర్చుంది.

కుర్మయ్య ఆమె ముందు నిలబడలేక గోడకు ఆనుకున్నాడు.

"హాస్టల్ నీళ్ల పని కోసరం నన్ను ఆపుతున్నడనుకున్న అక్కా."

"మా ట్యాంకర్ల నీళ్లు నింపక రెండేండ్లాయె. అమ్మమంటె అమ్మడు. రోజు పొద్దున పోయి దాని పక్కన కూసుంటడు."

"ఎందుకక్కా?"

మార్తమ్మ చొక్కా అంచులు మళ్లీ దగ్గరికి లాగింది.

"మా ఒక్కగానొక్క కొడుకు ఫిన్నీ అతుకేసేటందుకు దాంట్లకు దిగి మళ్ల పైకి రాలే. రేపు జేస్త బాపూ అని వాడంటున్నా, బంక డబ్బా చేతుల వెట్టి లోపలికి దిగమన్నది గీయననే."