నురగ బిళ్లలు

"ఎనిమిది తక్కువున్నాయి. ఎప్పుడు మింగావు?" అంటూ మావిస్ మందు గొట్టాన్ని మొగుడి ముక్కు ముందు ఆడించింది.

ఆల్బీ హెడ్లీ తలెత్తలేదు. పెరటి షెడ్డులో కూర్చుని, పసిపిల్లను తుడిచినట్టు మెత్తటి గుడ్డతో తన ఉల్లిపాయను తుడుస్తున్నాడు. ఒక్కటే ఆరున్నర కిలోలుంటుంది. ఇంకో గంటలో క్లబ్బులో పెద్ద ఉల్లిపాయల పోటీకి తూకం. ఎనిమిదేళ్లుగా కప్పు ఎగరేసుకుపోతున్న పక్కింటి స్టాన్‌కి ఈసారి ముచ్చెమటలు పట్టించాలని ఆయన ఉబలాటం.

"మింగడమేంటే? నీళ్లలో వేసి, కరిగాక తాగేవి అవి. రోజుకు మూడు. నేను లెక్క తప్పలేదు."

"తప్పావు! పోటీ దడకి గుండెల్లో మంటని ఆ సుద్ద బిళ్లలు చప్పరిస్తున్నావుగా. వాటితో కలిపి వేసుకుంటే ఈ మందు ఒంటికి పట్టదని ఫార్మసీ అమ్మాయి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. పట్టలేదేమోనని ఇంకో ఎనిమిది పోసుకుని ఉంటావు."

"నీ మీద ఒట్టే!"

"నా మీద వద్దు. ఆ ఉల్లిపాయ మీద వెయ్యి."

ఆల్బీ ఉల్లిపాయ మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. అప్పుడు మావిస్‌కి నమ్మకం కుదిరింది. నమ్మకంతో పాటు భయమూ పట్టుకుంది. మరైతే ఆ ఎనిమిదీ ఏమైనట్టు? వెంటనే ఫార్మసీకి ఫోన్ చేసింది.

"ఎనిమిదీ ఒక్కరే తాగి ఉంటే ప్రమాదమండీ," అంది ఫార్మసీ అమ్మాయి. "కడుపు జారిపోవడంతో ఆగదు, కిడ్నీలకీ గుండెకీ ముప్పు. డాక్టరు ఎవరికి రాశారో వాళ్లు తప్ప వేరేవాళ్లు ముట్టుకోకూడదు. ఆ మనిషెవరో కనుక్కుని ముందు ఆస్పత్రికి పంపండి."

ఆల్బీ తేలిగ్గా తీసిపారేశాడు. ఆ ఊళ్లో ఉల్లి పెంచేవాడు కడుపులో ఉన్న మాటంతా కక్కేస్తాడు గానీ, మడికి ఏం పోస్తాడో మాత్రం కట్టుకున్నదానికి కూడా చెప్పడు. ఒకడి షెడ్డులోకి ఇంకొకడు దూరడం అక్కడ మామూలే.

"ఎవడో ఉల్లిమందు అనుకుని ఎత్తుకెళ్లాడే. ఉల్లికే పోసుంటాడు. ఉల్లికి వేసే మందు మనిషన్నవాడు తాగుతాడా?"

"తాగితే? క్లబ్బుకెళ్లి నలుగురిలో నిలబడి చెప్పు, అది మందని."

అక్కడే వచ్చింది చిక్కు. రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి ఒళ్లంతా నీరసమైపోయిన సంగతి ఆల్బీ వసంతం నుంచీ పొట్టలో దాచుకున్నాడు. మందు గొట్టాన్ని షెడ్డులో పెట్టుకున్నదీ అందుకే. తెలిస్తే అందరూ "పాపం ఆల్బీ" అంటారు. ఆ పాపం కంటే స్టాన్ చేతిలో తొమ్మిదోసారి ఓడిపోవడమే నయం.

"నీ పరువు పెద్దదా, మనిషి ప్రాణం పెద్దదా?" అంది మావిస్.

ఆల్బీ గొణుక్కుంటూ కోటు తొడుక్కున్నాడు.

క్లబ్బు హాలు కిటకిటలాడుతోంది. ఆల్బీ మావిస్ భుజం పట్టుకుని కుర్చీ ఎక్కాడు.

"ఒరేయ్, వినండి! నా షెడ్డులో ఉన్న తెల్ల బిళ్లలు ఉల్లిమందు కాదు. నా ఒంటి మందు. నాకు ఒంట్లో బాలేదు, కాళ్లు వణుకుతున్నాయి. తీసినవాణ్ని నేనేమీ అనను. ఉల్లికి పోశాడా, తాగాడా, అదొక్కటీ చెబితే చాలు."

ముందు ఎవరో ఒకరు చప్పట్లు కొట్టారు. చూస్తుండగానే అందరూ అందుకున్నారు. ఒకడు చెయ్యిచ్చి దింపాడు, ఇంకొకడు భుజం తట్టాడు. ఆల్బీకి కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో చెప్పేసేవాణ్ని కదా అనుకున్నాడు. ఇక దాచుకోవాల్సింది ఏమీ లేదన్నట్టు గుండె దూదిపింజలా తేలిపోయింది.

మావిస్ మాత్రం తలలు లెక్కపెడుతోంది. "స్టాన్ ఏడి?"

స్టాన్ భార్య రీనీ హాలు చివర ఉన్న మరుగుదొడ్డి తలుపు చూపించింది. "వచ్చినప్పటి నుంచీ అందులోనే ఉన్నాడమ్మా. పొద్దున ఇంట్లోనూ అదే వరస. పోటీ కంగారేమో అనుకున్నాను."

మావిస్ అంబులెన్సుకి ఫోన్ చేసింది. ఆల్బీ వణికే కాళ్లతోనే పరిగెత్తాడు. రెండు చేతులతో తలుపు బాదాడు.

"స్టాన్! ఎన్ని తాగావురా?"

లోపల పెద్ద మూలుగు. "రాత్రి నాలుగు... పొద్దున నాలుగు. నన్ను క్షమించరా ఆల్బీ."

"క్షమించాన్లే. అంబులెన్సు వచ్చేస్తోంది, గడియ తియ్యి ముందు."

"లేవలేను! ఒక్క నిమిషం ఆగు."

గొంతులో దమ్ము బాగానే ఉందని ఆల్బీకి కాస్త ధైర్యం వచ్చింది. ధైర్యం రాగానే ఒళ్లు మండింది. ఈలోగా హాల్లోని జనమంతా వెనకే వచ్చి మూగారు. పోటీ రోజు ఆనవాయితీగా, ఆల్బీ మడిలోని చిన్న ఉల్లిపాయలతో మావిస్ కాచి పంపిన సూపు గిన్నెలు అందరి చేతుల్లోనూ ఉన్నాయి. సూపు జుర్రుతూనే చెవులు రిక్కించారు.

"ఒరే వెర్రి వెంగళప్పా!" అని గొంతు చించుకున్నాడు ఆల్బీ. "ఉల్లిమందు అనుకుంటే ఉల్లికి పొయ్యాలి గానీ, నువ్వెందుకు తాగావురా?"

"నాకేం తెలుసురా?" లోపల్నుంచి స్టాన్ ఏడుపు గొంతుతో అరిచాడు. "నెల రోజులు కంచె సందులోంచి కళ్లారా చూశాను. రోజూ నువ్వు ఆ గ్లాసు గటగటా తాగడం, కాసేపాగి తిన్నగా ఉల్లిమడిలోకి వెళ్లి ప్యాంటు గుండీలు విప్పడం!"