నూరో మనిషి

“వాగులో రాళ్ళు తడిమి తడిమి చూస్తున్నాడు. ఎవరాయన?” కుట్టుమిషను ఆపి అడిగాడు దర్జీ.

“భూముల బ్రోకరై ఉంటాడు,” అంది పక్కనున్న టీకొట్టావిడ.

ఆ మాట అంటుకుపోయింది. ఆ రోజునుంచి ఆయన పేరు బ్రోకరు.

నిజానికి అది ఊరు కాదు. ఒక పక్క వాగు, ఒక పక్క గుట్ట, మధ్యలో మట్టిరోడ్డు. ఆ రోడ్డు వంపు తిరిగిన చోట ఇరవై చిల్లర ఇళ్ళు. బోర్డు లేదు, ఆఫీసు లేదు. అటు ఊరివాళ్ళు ఇటు ఊరిదంటారు, ఇటు ఊరివాళ్ళు అటు ఊరిదంటారు.

మాది అని ఎవరూ అనరు.

అలాంటి చోట దర్జీ వెనకగది అద్దెకు తీసుకుని, నాలుగు రోజులుండి పోతానన్నాడాయన.

“మీకు ఇల్లూ వాకిలీ లేవా సార్?” అడిగాడు దర్జీ.

“ఉంది. మా ఆవిడ పోయాక మరీ పెద్దదైపోయింది.”

టీకొట్టావిడకు ఆయన పొడ గిట్టదు. అందరికీ పోశాక గిన్నె అడుగున మిగిలిన టీ ఆయనకు పోసేది. చల్లారిపోయిన ఆ టీనే ఆయన ఊదుకుంటూ తాగి, “బాగుందమ్మా,” అనేవాడు.

“ఊదుతున్నాడు చూడు. నన్ను వెక్కిరించడానికే,” అని కోడలి దగ్గర గొణిగేది ఆవిడ.

కోడలికి నెలలు నిండుతున్నాయి. కిందటిసారి వాగు పొంగి, నర్సు దాటి వచ్చేసరికి ఆలస్యమైంది. బిడ్డ దక్కలేదు.

నూరుమంది ఉన్న చోటుకి వారం వారం నర్సు జీపు పంపుతారట. ఆ లెక్క తేల్చడానికి ఒక గుమాస్తా వచ్చాడు. ఇల్లిల్లూ తిరిగి, చెమట తుడుచుకుంటూ టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు.

“తొంభై తొమ్మిది,” అన్నాడు.

“సరిగ్గా చూశారా బాబూ?” అంది టీకొట్టావిడ.

“రెండుసార్లు చూశానమ్మా.”

“మా కోడలి కడుపులో ఒకటుందిగా. దాన్నీ రాసుకోండి.”

“బయటికి వచ్చాక రాస్తాను.”

“అది బయటికి క్షేమంగా రావడానికే కదయ్యా మాకు జీపు కావాలి.”

గుమాస్తా కాగితాలు సర్దుకోసాగాడు.

“పోనీ మా ఆవిడని ఇద్దరి కింద రాసుకోండి సార్,” అన్నాడు దర్జీ. “ఆ నోటికి ఇద్దరు తక్కువే.”

గుమాస్తా నవ్వాడు. నవ్వుతూనే పెన్నుకి మూత పెట్టేశాడు.

అప్పుడే బ్రోకరు, చెప్పిన నాలుగు రోజులూ అయ్యాయని గదికి తాళం వేసి, సంచి భుజాన తగిలించుకుని బయల్దేరాడు. టీకొట్టు ముందుకొచ్చి ఆగాడు. మాటలు ఆయన చెవిన పడ్డట్టున్నాయి.

సంచి కింద పెట్టాడు.

“నన్ను రాసుకోండి.”

“మీరు ఇక్కడే ఉంటారా?”

ఆయన గుమ్మంలో ఉన్న కోడలివైపు చూశాడు. “ఉంటాను.”

“మాటవరసకు చెప్తే కుదరదండీ. మధ్య మధ్య వచ్చి చూస్తాం. ఒక్క తల తగ్గినా జీపు ఆగిపోతుంది.”

“రండి. ఇక్కడే ఉంటాను.”

గుమాస్తా వెళ్ళాక టీకొట్టావిడ పెదవి విరిచింది. “రాయించుకున్నాడు. రేపు స్థలం అడుగుతాడు చూడు.”

అయినా పొమ్మనలేదు. జీపు కావాలి మరి. టీ మాత్రం అడుగుదే.

ఆయన స్థలం అడగలేదు. వాగొడ్డున తిరిగేవాడు. వంపు దగ్గర నిలబడి, ఎవరో చెప్పినదాన్ని సరిచూసుకుంటున్నట్టు ఒక్కో ఇంటినీ చూసేవాడు. గుమాస్తా వచ్చినప్పుడల్లా బడిపిల్లాడిలా చెయ్యెత్తేవాడు.

జీపు రావడం మొదలైంది. వానల్లో ఒకరోజు నర్సు కోడల్ని పరీక్షించి, ఇవాళ వెనక్కి వెళ్ళనంది. మర్నాడు మధ్యాహ్నం నర్సు చేతుల్లో ఆడపిల్ల కేరుమంది.

ఆ రోజు టీకొట్టావిడ అందరికీ ఊరికే టీ పోసింది. బ్రోకరుకి కూడా పోసింది, ఆఖర్న.

వాన తెరిపిచ్చాక, గుమాస్తా వచ్చి పాపను రాసుకున్నాడు. ఆయన వెళ్ళగానే బ్రోకరు సంచి సర్దుకున్నాడు.

“అదేంటి సార్, జీపు ఆగిపోదూ?” కంగారుపడ్డాడు దర్జీ.

“ఇప్పుడు నూట ఒకరం కదయ్యా. ఒకరు తగ్గినా లోటు లేదు.”

పాపను ఎత్తుకుని నిలబడ్డ కోడలి దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఏదో మాట్లాడి, వంపు తిరిగి వెళ్ళిపోయాడు.

“పోతూ పోతూ నీతో ఏంటి ముచ్చట్లు?” సాయంత్రం టీగిన్నె తోముతూ అడిగింది టీకొట్టావిడ.

“ఏం లేదత్తయ్యా. ఇక్కడ వాగు పక్కన ‘మహారాణి కుర్చీ’ ఎక్కడుందో తెలుసా అమ్మా, అన్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ వెతుకుతున్నాడట, దొరకలేదట. మా అత్తయ్యని అడగండి, ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అన్నాను. అడిగే ధైర్యం లేదమ్మా అని నవ్వాడు. పాప పాదం ముట్టుకుని వెళ్ళిపోయాడు.”

గిన్నె ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

కుర్చీ ఉంది. రెల్లు వెనకాల, నడుము ఆనించుకోవడానికి వీలుగా గుంటపడిన రాయి. చిన్నప్పుడు దానికి ఆ పేరు పెట్టి, ఎవరికీ చెప్పకూడదని ఒట్టేసుకున్నది ఇద్దరే. తనూ, అక్కా.

పెద్దవాళ్ళను కాదని, ఇక్కడెవరూ చూసెరగని మనిషిని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన అక్క పేరు ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

టీకొట్టావిడ గిన్నె వదిలేసి, తడిచేతులతోనే రోడ్డు మీదికి వచ్చింది. వంపు అవతల ఏమీ కనిపించలేదు.

ఇన్నాళ్ళూ అందరికీ పోశాక అడుగున మిగిలిన టీ తను పోస్తూ వచ్చింది బావకి.