ఒక్క చలానా రాని కారు

“ఎర్రలైటు పడితే ఏం చెయ్యాలి?”

“ఆగాలి మాస్టారూ,” అంది క్లాసు ముక్తకంఠంతో.

“పసుపు పడితే?”

“ఆగడానికి సిద్ధపడాలి.”

సరిగ్గా అప్పుడే డ్రైవింగ్ మాస్టారి జేబులో ఫోను మోగింది. ఆయన పేరు మీదున్న కారు నిన్న ఎర్రలైటు దాటిందట. ఫొటోతో సహా చలానా వచ్చింది. ఆయన క్లాసుకి వీపు తిప్పి, బోర్డు మీదున్న ఎర్రలైటునే ఇంకోసారి దిద్దుతూ నిలబడ్డారు.

ఆ కారు అమ్మేసి చాలాకాలమైంది. పాత కారుని బ్రోకరుకి అప్పజెప్పి, ఆ సాయంత్రమే ఇప్పుడున్న కారుని ఇంటికి నడుపుకొచ్చారు. పేరు మార్పు సంగతి నేను చూసుకుంటాను మాస్టారూ అన్నాడు బ్రోకరు. మాస్టారు తలూపారు. అలా తలూపినందుకు ఇప్పుడు చలానాల మీద చలానాలు. పోయినవారం లైసెన్సుల ఆఫీసు నుంచి నోటీసు కూడా వచ్చింది, ఈ చలానాల సంగతి తేల్చుకోకపోతే డ్రైవింగ్ నేర్పే పర్మిట్ రద్దవుతుందని. ఇంటి ముందు గదే ఆయన స్కూలు. ఆ స్కూలు మూతపడితే వంటగదీ మూతపడ్డట్టే.

క్లాసు వెళ్లిపోయాక భార్య అడిగింది. “అమ్మేటప్పుడే దగ్గరుండి పేరు మార్పించొచ్చుగా?”

“బ్రోకరు చూసుకుంటానన్నాడే.”

“అద్దం చూసుకోకుండా వెనక్కి పోవద్దని ఊళ్లో అందరికీ చెప్తారు.”

“చెప్పినందుకే ఫీజు తీసుకునేది. చేసినందుకు ఎవరిస్తారు?” అని తన మీద తనే జోకేసుకున్నారు గానీ, నవ్వు రాలేదు. లోపల నిజంగానే భయంగా ఉంది.

“ఆ మాటకొస్తే మీ డ్రైవింగూ అంతంతమాత్రమే.”

“ఈ కారు వచ్చాక ఒక్క చలానా వచ్చిందా నాకు?”

“లేదు. నాకూ అదే ఆశ్చర్యం,” అంది ఆవిడ.

పాత కారు కొన్నతనికి బజార్లో కళ్లజోళ్ల షాపుందని బ్రోకరు చెప్పాడు. మాస్టారు కారెక్కి, వీపు వెనక దిండు సర్దుకున్నారు. డ్రైవరు సీటు వెనక్కి పోయి బిగుసుకుపోయింది. దిండు లేనిదే ఆయన కాళ్లకి బ్రేకు అందదు. కాళ్లు పొట్టివి కావని, కారే పొడుగుదని ఆయన వాదన. సీటు బాగుచేయించాలని మాత్రం కారు వచ్చిన రోజు నుంచీ అనుకుంటున్నారు. రేపు చేయిస్తే పోలా అని కూడా రోజూ అనుకుంటున్నారు.

బజారుకి వెళ్లాలంటే చాలాదూరం చుట్టు తిరిగి పోవాలి. అంత ఓపిక లేక వన్‌వేలో ఎదురెళ్లారు. స్తంభం మీది కెమెరా ఆయన్ని చూసింది, ఆయనా కెమెరాని చూశారు. చెయ్యి తిరిగిన డ్రైవరుని కెమెరా కూడా గుర్తుపట్టి వదిలేస్తుందని ఆయన నమ్మకం. షాపు ముందు ‘ఇక్కడ వాహనాలు నిలపరాదు’ అన్న బోర్డు కిందే నీడ ఉందని, అక్కడే నిలిపారు.

“షాపు నిండా ఇన్ని కళ్లజోళ్లు పెట్టుకుని, ఎర్రలైటు కనపళ్లేదా మీకు?”

షాపతను కంగారుగా లేచాడు. “కారు అమ్మినాయనేనా అండీ మీరు? పేరు మార్పించుకుందామనే ఉన్నాను. రేపు, రేపు అంటూనే...”

“మీరు హాయిగా కారులో తిరుగుతుంటే, మీకు ముఖం కూడా తెలియని ఒక మనిషికి కంటి మీద కునుకు లేదు. ఆ సంగతి ఒక్కనాడైనా తట్టిందా?”

“లేదండీ,” అన్నాడతను తల దించుకుని.

మాస్టారికి మాట బాగా కుదిరిందనిపించి, అదే మాట ఇంకోలా కూడా చెప్పారు. పాపం, అతను షాపు మూసి వెంట వచ్చాడు. ఆఫీసులో సంతకాలయ్యాయి. కారు అతని పేరుకి మారింది, చలానాలూ అతని వైపుకే పోయాయి. పర్మిట్‌కి ఇక ఢోకా లేదన్నాడు గుమాస్తా. మాస్టారికి గుండెల మీంచి బండ దింపినట్టయింది.

దార్లో కారు నడుపుతూనే ఇంటికి ఫోన్ చేశారు. “పనైపోయింది. మనిషికి బుద్ధి చెప్పొచ్చాను.”

“సరే, త్వరగా రండి. మీకోసం ఎవరో వచ్చి ఎదురు చూస్తున్నారు.”

ఇంటి ముందు బాగా పొడుగాటి మనిషి ఒకాయన నిలబడి, కారు ఆగేదాకా చూస్తున్నాడు.

“నేర్చుకోవడానికొచ్చారా?” అన్నారు మాస్టారు దిగుతూ.

“కాదండీ, నేను బస్సు డ్రైవర్ని. లైసెన్సు ఆపేస్తామని నోటీసొచ్చింది. ఆపేస్తే ఉద్యోగం పోతుంది.”

“ఏం, సిగ్నల్ దాటారా?”

“నేను దాటలేదండీ. నేను అమ్మేసిన కారు దాటింది.”

మాస్టారికి తన బాధే ఇంకో మనిషి రూపంలో, ఇంకాస్త పొడుగ్గా, ఎదురుగా నిలబడ్డట్టనిపించింది.

“కొన్నవాడు పేరు మార్పించుకోలేదా?”

“లేదండీ.”

“ఇలాంటివాళ్లతో మర్యాద పనికిరాదు. ఇందాకే ఒకణ్ణి దారిలో పెట్టి వస్తున్నాను. ఎక్కండి, ఎవడో చూద్దాం. నేను మాట్లాడతాను వాడితో,” అంటూ మాస్టారు మళ్లీ కారెక్కి, వీపు వెనక దిండు సర్దుకున్నారు.

పొడుగాయన వంగి ఆ దిండు వంక చూశాడు.

“ఆ సీటు నా దగ్గరున్నప్పుడే బిగుసుకుపోయిందండీ.”